ఇటాలియన్‌లో ‘మగారి’ అంటే అవునా, కాదా, ఏమోనా?

నమస్తే అండీ. ఈరోజు ఒకే ఒక్క ఇటాలియన్ మాట, మగారి. ‘గా’ దగ్గర కాస్త ఒత్తి పలకాలి. ఈ మాట కోసం ఏ యాప్‌లో వెతికినా దాదాపు ‘బహుశా’ అనే చూపిస్తుంది, నేనూ అదే బట్టీపట్టి టురిన్‌లో చదువుకోవడానికి వెళ్లాను.

మా ఇంటి ఓనర్ ఒక పెద్దావిడ. ఒకరోజు వంటింట్లో బీన్స్ తుంచుతుంటే, ఆదివారం మీ అబ్బాయి వస్తాడా అని అడిగాను. ఆవిడ చేతిలో పని ఆపి, పైకి చూసి, ‘మగాఆరి!’ అని సాగదీసింది. నాకు అర్థమైంది ‘రావచ్చు’ అని. ఆదివారం పొద్దున ఇంకో కుర్చీ తెచ్చి వేయనా అని అడిగితే, ఆవిడ నా చెంప నిమిరి, వాడు జర్మనీలో ఉన్నాడమ్మా, క్రిస్మస్‌కి గానీ రాడు అంది. అంటే ఆవిడ అన్నది ‘బహుశా’ కాదు. మన ఇళ్లలో అమ్మమ్మలు అంటారు చూడండి, ‘అంత అదృష్టం కూడానా!’ అని, అచ్చంగా అదే.

ఈ పోలిక నేను ఊరికే తేలేదు. గ్రీకులో మకారియోస్ అంటే ధన్యుడు, అదృష్టవంతుడు. అలాంటివాణ్ని పిలిచే రూపం మకారియె, ఇటాలియన్ మగారి అందులోంచే వచ్చింది. మనమూ అదృష్టాన్నే తలుచుకుంటాం, వాళ్లూ ఆ మాటనే పట్టుకున్నారు. నాకు ఇది తెలిసిన రోజు ఎంత సంతోషమేసిందో!

సరే, వాక్యాల్లోకి వద్దాం. ‘పార్లి బేనె ఇతల్యానొ?’, నీకు ఇటాలియన్ బాగా వచ్చా అని అడిగితే ‘మగారి!’ అంటాం, అంత బాగా వస్తే ఇంకేం కావాలి అని, అంటే రాదు అని. అదే ‘వువోయి ఉన్ కఫ్ఫె?’, కాఫీ తాగుతావా అంటే కూడా ‘మగారి!’ అనొచ్చు, కానీ ఇక్కడ ‘ఇస్తే వద్దంటానా’ అని, అంటే అవును. ఒకే మాట ఒకచోట అవును, ఇంకోచోట కాదు ఎలా అవుతుందని టెన్షన్ పడకండి. రెండుచోట్లా చెప్పేది ఒకటే, ‘అది నాకు కావాలి’ అని. కాఫీ ఎదురుగానే ఉంది కాబట్టి అవును అయింది, భాష ఇంకా చేతికి అందలేదు కాబట్టి కాదు అయింది.

అసలు కిటుకు పక్కన వచ్చే క్రియలో ఉంది, ఇది మాత్రం జాగ్రత్తగా వినండి. ‘మగారి వియేనె’ అంటే వస్తాడేమో. ‘మగారి వెనిస్సె!’ అంటే వస్తే ఎంత బాగుండు! ‘మగారి ఫోస్సె వెనూతొ!’ అంటే వచ్చి ఉంటే ఎంత బాగుండేది, అంటే రాలేదు, ఆ రోజు అయిపోయింది కూడా. ఈ ‘స్సె’ రూపాన్ని వాళ్ల వ్యాకరణంలో కొంజుంతీవొ అంటారు, చాలామంది దాని పేరు వినగానే భయపడతారు, కానీ మనం ‘వస్తే బాగుండు’ అన్నప్పుడు ఆ ‘తే’, ఆ ‘బాగుండు’ కలిసి చేసే పనే ఇక్కడ ఆ రూపం చేస్తోంది, కాబట్టి తెలుగులో మీ మనసుకి ‘బాగుండు’ అని వస్తే అక్కడ ‘స్సె’ పెట్టండి, ‘ఏమో’ అని వస్తే మామూలు క్రియ పెట్టండి.

‘అయినా సరే’ అనే అర్థం కూడా ఒకటుంది. ‘అస్పెత్తొ క్వీ, మగారి తుత్త లా నోత్తె’, ఇక్కడే ఎదురుచూస్తా, రాత్రంతా అయినా సరే.

చివరిగా, కొత్తగా వెళ్లేవాళ్ల కోసం. ఎవరైనా విడిపోయేటప్పుడు ‘మగారి చి సెంతియామొ’ అంటే, వీలుంటే మాట్లాడుకుందాంలే అని అర్థం. వాళ్లకి మీరంటే ఇష్టం లేక కాదు, మాట మాత్రం ఇవ్వలేదు, అంతే. ఫోన్ పట్టుకుని ఎదురుచూడకండి. ‘దొమాని అల్లె నోవె’, రేపు తొమ్మిదికి అని టైమ్ చెప్పారా, అప్పుడు కచ్చితంగా కూర్చోండి.