పాత లేత్‌ను ఇంట్లో నిలబెట్టడం

శ్రోతలకు నమస్కారం.

హైదరాబాద్‌లో బాలానగర్, జీడిమెట్ల, చర్లపల్లి షెడ్లలో ఏళ్ల తరబడి తిరిగిన, ఇనుప కడ్డీని తిప్పుతూ కోసి ఆకారం తెచ్చే మామూలు లేత్ మిషన్లు, కంప్యూటరుతో నడిచే సీఎన్‌సీలు వచ్చాక అమ్మకానికి వస్తున్నాయి. వాటిని కొని ఇంటి కింద పార్కింగులోనో వెనక గదిలోనో పెట్టుకునేవారున్నారు. మంచి ఆలోచన. కానీ తెచ్చిన మర్నాడే చాలామంది రంగు డబ్బా తెరుస్తారు. రంగు చివరి పని. లేత్‌కు ప్రాణం బెడ్డు, అంటే మిగతా భాగాలన్నీ కూర్చునే పొడవాటి ఇనుప దిమ్మె. అది అరిగి ఉండకూడదు, మీ నేల మీద మెలి తిరగకుండా కూర్చోవాలి. ఈ రెండూ కుదిరితే మిగతావి ఓపికతోనో కొంత ఖర్చుతోనో బాగవుతాయి.

1943లో మిషన్లు చేసే ప్రాగా టూల్స్, 1968లో బాలానగర్‌లో కేంద్ర టూల్ డిజైన్ సంస్థ వచ్చిన ఊరు మనది. లేత్ నడపడంలో చేయి తిరిగిన టర్నర్లకు ఇక్కడ కొదవ లేదు. కొనడానికి వెళ్లేటప్పుడు ఒకరిని వెంటబెట్టుకెళ్లండి. సన్నని కదలికను ముల్లుతో చూపే డయల్ గేజి కూడా ఒకటి జేబులో వేసుకోండి.

లేత్ మీద పొట్టి జాబులే, అంటే కోయాల్సిన పొట్టి ముక్కలే, ఎక్కువ నడుస్తాయి. అందుకే జాబును పట్టుకుని తిప్పే చక్ దగ్గరి అడుగు, అడుగున్నర మేర బెడ్డు ముందు అరుగుతుంది. రాడ్డు రెండో కొసను ఆనించే టెయిల్‌స్టాక్ వైపు దాదాపు కొత్తగానే ఉంటుంది. కోసే టూలును మోస్తూ బెడ్డు మీద జరిగే క్యారేజీని చక్ దగ్గరికి తెచ్చి, దాని లాక్ బోల్టును కదిలీ కదలనట్టు బిగించండి. అలాగే చేతిచక్రం తిప్పుతూ టెయిల్‌స్టాక్ వైపు తీసుకెళ్లండి. చివరిదాకా ఒకే బరువుతో నడిస్తే బెడ్డు బాగున్నట్టు. జానెడు దూరం వెళ్లేసరికి పట్టేస్తే చక్ దగ్గర బాగా అరిగినట్టు. దాన్ని సరిచేయాలంటే బెడ్డు గ్రైండింగుకు పంపాలి, ఆ ఖర్చు ఒక్కోసారి మిషను ధరను మించిపోతుంది. అలాంటిది ఎంత చవకగా ఇస్తామన్నా వద్దనండి.

తర్వాత స్పిండిల్, అంటే చక్‌ను తిప్పే ఇరుసు. చక్‌లో ఒక అడుగు పొడవున్న మందపాటి రాడ్డు బిగించి, డయల్ గేజి సూదిని స్పిండిల్ ముక్కుకు ఆనించి, రాడ్డును చేత్తో పైకీ కిందికీ ఎత్తి వదలండి. ముల్లు 0.05 మిల్లీమీటరు కంటే ఎక్కువ ఊగితే బేరింగు వదులైనట్టు. బిగిస్తే పోతుందా, మార్చాలా అన్నది అడిగి తెలుసుకున్నాకే ధర మాట్లాడండి. అన్ని స్పీడుల్లోనూ చక్‌ను చేత్తో తిప్పి చూడండి. టక్కుమని తగులుతుంటే గేరు పన్ను విరిగిందన్నమాట. మరతో బిగిసే చక్‌ను ఊడదీయడానికి, చక్‌ను నెమ్మదిగా తిప్పే బ్యాక్ గేరు తగిలించి చక్‌ను సుత్తితో కొట్టే అలవాటు వల్లే ఈ పళ్లు ఎక్కువగా పోతాయి. టూలును అడ్డంగా జరిపే క్రాస్ స్లయిడు చక్రంలో అర మిల్లీమీటరు ఖాళీ తిరుగుడు ఉంటే బెంగపడకండి, గన్‌మెటల్ నట్టు కొత్తది చేయించుకుంటే సరి.

నాలుగున్నర అడుగుల లేత్ రకాన్ని బట్టి అర టన్ను దాకా తూగుతుంది, బరువంతా స్పిండిల్ ఉండే హెడ్‌స్టాక్ వైపు, పైభాగంలో ఉంటుంది. పక్కకు ఒరిగితే మనుషులు ఆపలేరు. చైన్ బ్లాక్‌తో ఎత్తేటప్పుడు బెల్టును బెడ్డు కిందినుంచి వేయాలి. బెడ్డు పొడవునా ఉండే లీడ్ స్క్రూకు గాని స్పిండిల్‌కు గాని బరువు ఆననివ్వకూడదు. క్యారేజీని టెయిల్‌స్టాక్ వైపు జరుపుతూ తూకం కుదుర్చుకోవాలి. నేల మీద అంగుళం పైపు ముక్కల మీద దొర్లించడమే మేలు.

మన ఇళ్లలో షాబాద్ బండలో, తాండూరు బండలో, టైల్సో ఉంటాయి. బండ కింద ఎక్కడో ఒకచోట గుల్ల ఉండక మానదు. కాలు దాని మీద పడితే బండ పగులుతుంది, పగలకపోయినా ఊగుతుంది. కాళ్లు వచ్చేచోట బండ తీసేసి, ఆరంగుళాల మందం కాంక్రీటు పోసి, మూడు వారాలు నీళ్లు పట్టాకే మిషను దించండి. మేడ మీద మాత్రం వద్దు.

ఇక శుభ్రం చేయడం. బెడ్డు మీదా స్లయిడ్ల మీదా ఎమరీ కాగితం వాడొద్దు. ఆ రజను సందుల్లో చేరి మీరు కాపాడాలనుకున్నదాన్నే అరగదీస్తుంది. తుప్పు మీద నూనె పోసి, బ్లేడును పడుకోబెట్టి మెల్లగా గీకండి. మడ్డికి కిరోసిన్, దొరక్కపోతే డీజిల్, ఇత్తడి బ్రష్షు, కాటన్ వేస్ట్ చాలు. ఇది ఆరుబయట, నిప్పుకు దూరంగా చేయాల్సిన పని. పాత రంగులో సీసం ఉండొచ్చు, కాబట్టి తడిపి గీకండి, దుమ్ము లేపకండి. నూనె రంధ్రాల్లో ఎవరో గ్రీజు కూరి ఉంటారు. సన్నని తీగతో తీసి, అటునుంచి నూనె బయటికి వచ్చేదాకా పోయండి. స్లయిడ్లకు వీజీ 68 స్లయిడ్‌వే నూనె వాడండి. మూడు దవడల చక్ విప్పితే దవడల మీద 1, 2, 3 అంకెలు కనిపిస్తాయి. ఒకటో దవడ ఒకటో గాడిలో మొదట, తర్వాత రెండు, ఆపైన మూడు. వరస తప్పితే రాడ్డు మధ్యలో నిలవదు.

కరెంటు దగ్గర చాలామంది ఆగిపోతారు. ఇంట్లో సింగిల్ ఫేజు 230 వోల్టులు, లేత్‌కు ఉండేది త్రీ ఫేజు 415 వోల్టుల మోటారు. ఒక హెచ్‌పీ సింగిల్ ఫేజు మోటారు మార్చుకోవచ్చు. పాతదే ఉంచాలంటే సింగిల్ ఫేజును త్రీ ఫేజుగా మార్చే వీఎఫ్‌డీ పెట్టాలి. అది 230 వోల్టుల త్రీ ఫేజే ఇస్తుంది. చుట్టలను స్టార్‌గా కలిపితే 415కు నడిచే మోటారులో ఒక్కో చుట్టకు అందేది 240 వోల్టులే గనుక, దాన్నే డెల్టాగా కలిపితే సరిపోతుంది. టెర్మినల్ బాక్సులో ఆరు కొసలుంటే ఎలక్ట్రీషియన్ కలిపిస్తాడు. మూడే ఉంటే రివైండింగ్ దుకాణంలో మిగతా మూడు బయటికి తీయించాలి. ఎర్తింగ్ తప్పనిసరి. కరెంటు పోయి తిరిగొచ్చినప్పుడు మిషను తనంతట తాను మొదలవకుండా స్టార్టరు ఉండాలి, వేసవి కోతల్లో దీని విలువ తెలుస్తుంది. చక్ మరతో బిగిసేదైతే వీఎఫ్‌డీతో గబుక్కున ఆపకండి, చక్ ఊడి వచ్చేస్తుంది.

ఇప్పుడు అసలు పని, బెడ్డు మెలిని సరిచేయడం. మిషన్ లెవల్ అంటే మేస్త్రీ రసమట్టం కాదు. మీటరుకు 0.02 మిల్లీమీటరు తేడా చూపే లెవల్ కావాలి. దాన్ని బెడ్డుకు అడ్డంగా, ముందు హెడ్‌స్టాక్ దగ్గర, తర్వాత టెయిల్‌స్టాక్ చివర పెట్టండి. బుడగ నడిమధ్యకే రావాలని లేదు, రెండుచోట్లా ఒకే గీత మీద నిలిస్తే చాలు. తేడా వస్తే బెడ్డు మెలి తిరిగిందని అర్థం.

లెవల్ దొరక్కపోతే లేత్‌నే అడగండి. ముప్పై ఐదు నలభై మిల్లీమీటర్ల రాడ్డును చక్‌లో బిగించి 150 మిల్లీమీటర్లు బయటికి ఉంచండి. టెయిల్‌స్టాక్ ఆనించవద్దు. చక్ దగ్గర ఒకటి, కొసన ఒకటి, వేలెడు వెడల్పున రెండు కట్లు వదిలి, మధ్య భాగాన్ని రెండు మిల్లీమీటర్లు తగ్గించండి. పదునైన హైస్పీడ్ స్టీలు టూలుతో, క్రాస్ స్లయిడు ముట్టుకోకుండా, రెండు కట్ల మీదా ఒకే పాసులో 0.05 మిల్లీమీటరు కోత తీసి మైక్రోమీటరుతో కొలవండి. కొసన ఉన్నది లావుగా వస్తే, టెయిల్‌స్టాక్ చివర, మీరు నిలబడే వైపున్న కాలు కింద షిమ్ము, అంటే పలచని రేకు ముక్క, పెట్టండి. బెడ్డు పైభాగం వెనక్కి వాలి టూలు రాడ్డు దగ్గరికి జరుగుతుంది. సన్నగా వస్తే అవతలి కాలు కింద పెట్టండి. కాగితమంత మందం షిమ్ముకే కొలత మారడం మీరే చూస్తారు. ఆ 150లో తేడా 0.01కి వచ్చేదాకా ఇదే పని. బోల్టులు బిగించాక మళ్లీ కొలవండి, బిగింపుతోనే బెడ్డు మెలి తిరుగుతుంది.

ఇదంతా అయ్యాకే టెయిల్‌స్టాక్ జోలికి వెళ్లాలి. స్పిండిల్‌లో ఒకటి, టెయిల్‌స్టాక్‌లో ఒకటి ఉండే మొనదేలిన రెండు సెంటర్ల మధ్య రాడ్డు పెట్టి కోసి, తేడా ఉంటే పక్క స్క్రూలతో జరపండి. బెడ్డు మెలిని దాచడానికి ముందే టెయిల్‌స్టాక్‌ను జరిపితే, సెంటర్ల మధ్య బాగుంటుంది గాని చక్‌లో పట్టిన ప్రతి జాబూ ఒక కొస లావుగా, ఒక కొస సన్నగా కోసుగా వస్తుంది.

నడిపేటప్పుడు చేతి తొడుగులు, ఉంగరాలు, చున్నీలు వద్దు. చక్ కీ చేతిలోంచి వదిలేముందే చక్‌లోంచి బయటికి రావాలి. పదిహేను రోజులు పని చేశాక రెండు కట్ల రాడ్డును మళ్లీ ఎక్కించి కొలవండి. కాంక్రీటు కాస్త సర్దుకుని ఉంటుంది. వానాకాలం మొదలయ్యాక ఇంకోసారి చూడండి, ఆ నెలల్లో ప్రతి సాయంత్రం బెడ్డు తుడిచి నూనె గుడ్డ నడపండి.