బర్మా రాజ్యాంగం: తాళం సైన్యం దగ్గరే

సభకు నమస్కారం. విశాఖలో బర్మా క్యాంపు అనే పేట మీలో చాలామందికి తెలుసు. అరవైల్లో నె విన్ సైనిక ప్రభుత్వం దుకాణాల్ని జాతీయం చేశాక కట్టుబట్టలతో తిరిగొచ్చినవాళ్ల పేరు మీద వెలిసిన పేట అది. ఆ ఇళ్లవాళ్లకు ఈ సైన్యం సంగతి నేను చెప్పక్కర్లేదు.

1990 ఎన్నికల్లో ఆంగ్ సాన్ సూచీ పార్టీ 485 సీట్లలో 392 గెలిచింది. సైన్యం గద్దె దిగలేదు. ముందు రాజ్యాంగం రాసుకుందాం అంది. 1993లో మొదలైన జాతీయ సదస్సు మధ్యలో ఎనిమిదేళ్లు మూతపడి, 2007లో ముగిసింది. మన రాజ్యాంగ సభకు మూడేళ్లు కూడా పట్టలేదు. ఇది చేతకాక జరిగిన ఆలస్యమని నేననుకోను. సదస్సు సాగినన్నాళ్లూ కుర్చీ వాళ్లదే కదా.

2008 మే మొదట్లో నర్గీస్ తుపాను ఇరావదీ డెల్టాను ఊడ్చేసింది. లక్షమందికి పైగా పోయారు. అయినా మే 10న రెఫరెండం ఆగలేదు. బాగా దెబ్బతిన్న ప్రాంతాలకు మాత్రం రెండు వారాలు వాయిదా! 92 శాతానికి పైగా జనం అవునన్నారని ప్రకటించారు.

అసలు మెలిక ఇక్కడుంది. పార్లమెంటులో పావు వంతు సీట్లు సేనాధిపతి నియమించే యూనిఫాం వాళ్లవి. కీలక సెక్షన్లు మార్చాలంటే 75 శాతానికి మించి ఓట్లు కావాలి. లెక్క మీరే వేసుకోండి. 2015లోనూ 2020లోనూ ముఖ్యమైన సవరణలన్నీ అక్కడే ఆగిపోయాయి.

పిల్లలు విదేశీ పౌరులైతే అధ్యక్ష పదవికి అనర్హులన్న నిబంధన సూచీకి అడ్డు. కో నీ అనే లాయరు దానికో దారి కనిపెట్టారు. సవరణ జోలికే పోకుండా, మామూలు చట్టంతో స్టేట్ కౌన్సెలర్ అనే, ప్రధానిలాంటి పదవి సృష్టించి సూచీకి ఇవ్వవచ్చన్నారు. 2016లో అలాగే చేశారు. 2017 జనవరి 29న యాంగాన్ విమానాశ్రయం బయట, మనవణ్ణి ఎత్తుకుని నిలబడిన ఆయన్ని తల మీద కాల్చారు. హంతకుణ్ణి వెంటాడిన టాక్సీ డ్రైవరూ చనిపోయాడు. కుట్ర నడిపించాడన్న మాజీ లెఫ్టినెంట్ కల్నల్ పరారయ్యాడు.

పోనీ, ఇంత పకడ్బందీగా రాసుకున్నదాన్ని వాళ్లయినా పాటించారా? అధికారాన్ని సేనాధిపతికి అప్పగించే ఎమర్జెన్సీని ప్రకటించాల్సింది అధ్యక్షుడు. 2021 ఫిబ్రవరి 1న సైనికాధికారులు అధ్యక్షుడు విన్ మింట్ దగ్గరికెళ్లి, ఆరోగ్యం బాలేదని చెప్పి రాజీనామా చేయమన్నారు. నేను బాగానే ఉన్నానన్నారాయన. తర్వాత కోర్టులో ఆయనే చెప్పిన మాట ఇది. దాంతో ఆయన్ని నిర్బంధించి, సైన్యం తరఫు ఉపాధ్యక్షుడు మింట్ స్వేను తాత్కాలిక అధ్యక్షుణ్ణి చేసి, ఎమర్జెన్సీ కాగితం మీద ఆయన చేత సంతకం పెట్టించారు.