ఏప్రిల్‌లో మంచు దాకా సైకిల్: గోదావరి జిల్లాల నుంచి మనాలి ప్లాన్

[విజువల్: అమలాపురం దగ్గర కాలువ గట్టు, పొద్దున్నే సైకిల్ తొక్కుతూ]

హలో అండి. దాళ్వా కోతలైపోయి, కాలువలు కట్టేసి, పొద్దెక్కితే గట్టు మీద సైకిల్ తియ్యలేనంత ఎండలు మొదలయ్యేసరికి మన దగ్గర తొక్కేవాళ్లందరికీ ఎక్కడికైనా చల్లటి చోటికి పోవాలనిపిస్తుంది. ఇవాళ మనాలి ప్లాన్ చేద్దాం. వారం సెలవు, ఒక మౌంటెన్ బైక్, కొసన మంచు, అంతే. లడఖ్ దాకా తొక్కేద్దాం అనుకునేవాళ్లకి ఈ వీడియో పనికిరాదు, దాని సీజన్ వేరు, దానికి కావాల్సిన ఓపిక కూడా వేరు.

ముందే చెప్పేస్తున్నా, రోజుకో ఊరు మారకండి. మనాలిలోనే గది తీసుకోండి, తెల్లారగానే బయల్దేరి మంచు మొదలయ్యే చోటు దాకా తొక్కి, మధ్యాహ్నం కల్లా కిందికి వచ్చేయండి. చాలామంది మనాలి పైనున్న రోహ్‌తాంగ్ కనుమ గురించి అడుగుతారు. అది 3,978 మీటర్లు, ఏప్రిల్‌లో సాధారణంగా ఇంకా మంచు కిందే ఉంటుంది, సరిహద్దు రోడ్లు చూసే బీఆర్ఓ వాళ్లు అప్పటికి మంచు తొలగిస్తూ ఉంటారు. దాన్ని మర్చిపోండి.

ఇప్పుడు ఎత్తు సంగతి. మనం పుట్టి పెరిగింది సముద్రం పక్కన. మనాలి సుమారు 2,050 మీటర్లు, అక్కడ గాలి ఒత్తిడి మన దగ్గరున్నదాంట్లో దాదాపు 80 శాతం, 3,000 దాటితే 70 శాతానికి పడిపోతుంది. మొదటి రోజు మెట్లెక్కినా ఆయాసం వస్తుంది, కంగారు పడక్కర్లేదు, ఆ రోజు పాత మనాలిలో నడుచుకుంటూ తిరగండి చాలు. పగలు పైకెళ్లి రాత్రి కింద పడుకోవడం వల్ల ఒంటికి అలవాటయ్యే టైమ్ దొరుకుతుంది, ఒకే చోట గది తీసుకోమన్నది అందుకు కూడా. తలనొప్పితో పాటు వాంతి వచ్చేలా ఉంటే ఆ రోజు తొక్కడం ఆపేసి కిందికి దిగిపోవాలి, ఇందులో మొహమాటం ఏమీ లేదండి. ఎత్తు పడక వచ్చే ఇబ్బందికి వాడే డయామాక్స్ లాంటి మాత్రలు డాక్టర్ని అడక్కుండా వేసుకోకండి, సల్ఫా మందులు పడనివాళ్లయితే ఆ సంగతి ముందే చెప్పండి.

[విజువల్: పొద్దున ఏడింటి మంచు, మధ్యాహ్నం రెండింటి మంచు, పక్కపక్కన]

మంచు మీద తొక్కడమంతా టైమ్ ఆట. వసంతంలో పగలు కరిగిన మంచు రాత్రికి మళ్లీ గడ్డకడుతుంది, అందుకని పొద్దున్నే పైపొర గట్టిగా ఉండి టైరుని మోస్తుంది. పదీ పదకొండు అయ్యేసరికి అదే మంచు మెత్తబడి చక్రం సగం దాకా దిగబడిపోతుంది, ఇక సైకిల్ తొక్కడం ఉండదు, నెట్టుకోవడమే. మధ్యాహ్నం ఇంకో రెండు ఇబ్బందులు తోడవుతాయి. కరిగిన నీళ్లతో రోడ్డుకి అడ్డంగా పారే వాగులు పొంగుతాయి, వదులైన రాళ్లు పైనుంచి జారిపడతాయి. పొద్దున్నే ఉండే ప్రమాదం వేరు. కొండ నీడ పడే మలుపుల్లో రోడ్డు ఊరికే తడిగా ఉన్నట్టు కనిపిస్తుంది, నిజానికి అది పల్చటి ఐస్. అక్కడ ముందు చక్రం బ్రేకు ముట్టుకోకండి, హ్యాండిల్ తిప్పకండి, నెమ్మదిగా అలాగే పోనివ్వండి, లేదా దిగి నడవండి.

కొత్త మంచు పడిన తర్వాత ఒకటి రెండు రోజులు వాలు కొండల కిందికి పోకపోవడం మంచిది. అక్కడ మంచు చరియలు విరిగి పడొచ్చు. వాటి హెచ్చరికలు చండీగఢ్‌లోని డీజీఆర్ఈ అనే రక్షణ శాఖ పరిశోధన సంస్థ ఇస్తుంది, వాతావరణానికి సిమ్లా వాతావరణ కేంద్రం సూచన చూడండి. ఏప్రిల్‌లో పశ్చిమం నుంచి వానా మంచూ మోసుకొచ్చే వెస్టర్న్ డిస్టర్బెన్స్ ఒక్కటి తగిలితే రెండు రోజుల ప్లాన్ పోతుంది, కాబట్టి ప్లాన్‌లో ఒక రోజు ఖాళీగా ఉంచుకోండి.

ఇక మన గోదావరోళ్లకి ఎవరూ చెప్పని సంగతి. మనకి కాళ్లలో దమ్ము ఉంటుంది, అంతర్వేది వైపు ఎదురుగాలిలో తొక్కినవాడికి ఎక్కుడు మరీ భయం కాదు. ఇబ్బందంతా దిగేటప్పుడే. మన దగ్గర ఎత్తంటే రాజమండ్రి బ్రిడ్జి ఎక్కడమే కదా, గంటసేపు ఆపకుండా దిగడం ఎప్పుడూ చేసుండం. ఊరికే బ్రేకు నొక్కి పట్టుకుంటే డిస్క్ కాలిపోతుంది, పట్టు తగ్గిపోతుంది, వేళ్లు మొద్దుబారతాయి. మలుపుకి ముందు గట్టిగా నొక్కి వేగం తగ్గించి వదిలేయాలి, మళ్లీ నొక్కాలి, బరువు కాస్త వెనక్కి ఉంచాలి. వెళ్లేముందు ఒకటి రెండు ఆదివారాలు మారేడుమిల్లి నుంచి చింతూరు వైపు ఘాట్ రోడ్డులో దిగి చూడండి, చేతులకే తెలిసిపోతుంది. బురద మంచు నీళ్లలో రెజిన్‌తో చేసిన మెత్తటి బ్రేకు ప్యాడ్లు తొందరగా అరిగిపోతాయి, మీ డిస్కులు పడతాయంటే లోహపు పొడితో చేసిన సింటర్డ్ ప్యాడ్లు వేయించండి, ఒక జత బ్యాగులో కూడా పెట్టుకోండి.

[విజువల్: మ్యాప్]

రెండో రోజు బియాస్ నదికి ఎడమ గట్టు రోడ్డు మీద జగత్‌సుఖ్ మీదుగా నగ్గర్ దాకా, ఇరవై కిలోమీటర్ల పైచిలుకు, ఆపిల్ తోటల మధ్య. మూడో రోజు సోలాంగ్ దాటి ధుండీ వైపు, మంచు ఎక్కడ మొదలైతే అక్కడి దాకా. నాలుగో రోజు సైకిల్‌ని జీపులో వేసుకుని అటల్ టన్నెల్ దాటండి. అది 9.02 కిలోమీటర్లు, 2020 అక్టోబర్‌లో తెరిచారు. అవతల సిస్సూ అనే ఊరు సుమారు 3,100 మీటర్ల ఎత్తు, అక్కడ చంద్రా నది పక్కన తొక్కి సాయంత్రానికి మనాలి వచ్చేయండి. ఇంకా ఓపికుంటే మనాలి పక్కనే ఉన్న ప్రీణి నుంచి పైనున్న సేథన్ ఊరికి ఎక్కే మెలికల రోడ్డు ఉంది, నాకైతే వీటన్నిట్లో అదే ఎక్కువ నచ్చుతుంది.

సైకిల్ తీసుకెళ్లాలా, అద్దెకు తీసుకోవాలా? వారం ట్రిప్‌కి అద్దే మేలంటాను, కాకపోతే బ్రేకులు, గేర్లు అక్కడే పది నిమిషాలు తొక్కి చూసుకోండి. సొంతదే కావాలంటే విమానంలో పెట్టె కట్టాలి, పెడల్స్ విప్పాలి, ఎడమ పెడల్ మరలు తిరగేసి ఉంటాయి కాబట్టి దాన్ని గడియారం తిరిగే వైపు తిప్పితేనే వదులవుతుంది. ఈ-బైక్ బ్యాటరీని విమానం ఎక్కించనివ్వరు. రైల్లో అయితే ఏపీ ఎక్స్‌ప్రెస్ సామర్లకోట, రాజమండ్రి మీదుగానే ఢిల్లీ పోతుంది, కాకపోతే సెలవులో ఒకటిన్నర రోజు దానికే పోతుంది, పార్సిల్‌లో వేసిన సైకిల్ మీ బండిలోనే వస్తుందని నమ్మకం లేదు.

బట్టల్లో కాటన్ వద్దు, చెమటకి తడిస్తే ఆరదు, దిగేటప్పుడు గాలికి వణికిపోతారు. గ్లౌజులు రెండు జతలు, నల్లద్దాలు తప్పనిసరి, కొత్త మంచు అతినీలలోహిత కిరణాల్ని 80 శాతం దాకా తిప్పికొడుతుంది మరి. షూలో తడి దిగకుండా సాక్సు మీద ప్లాస్టిక్ కవర్ చుట్టుకోవచ్చు, చూడ్డానికి బాగోదు కానీ పనిచేస్తుంది. చలికి దాహం తెలీదు, టైమ్ చూసుకుని తాగండి. తినడానికి ఆత్రేయపురం మామిడి తాండ్ర చిన్న ముక్కలు కోసి జేబులో వేసుకోండి, చాక్లెట్లు రాయిలా అయిపోతాయి. పూతరేకులు మాత్రం వద్దు, బ్యాగులో పొడే మిగులుద్ది.

టికెట్లలో తిరుగు ప్రయాణం దగ్గర జాగ్రత్త. మనాలి నుంచి ఢిల్లీ సుమారు 530 కిలోమీటర్లు, బస్సుకి రాత్రంతా పడుతుంది, మండి దగ్గర కొండచరియలు విరిగితే ఇంకా ఆలస్యం. పొద్దున బస్సు దిగి సాయంత్రం ఫ్లైట్ ఎక్కేలా చూసుకోండి, రెండిటి మధ్యా కనీసం ఏడెనిమిది గంటలు వదలండి.