47 నంబరు లంగా, రెండు దుకాణాలు

అందరికీ నమస్కారం. ఆదివారం సాయంత్రం బాగ్‌లింగంపల్లి దాకా వచ్చి, ఇంత ఉక్కలో కూర్చున్నారంటే ఈ ప్రశ్న మీకు నిజంగానే నిద్ర పట్టనివ్వడం లేదన్నమాట. అమెజాన్, ఫ్లిప్‌కార్ట్ లాంటి మార్కెట్‌ప్లేస్‌లో అమ్మాలా, సొంత వెబ్‌సైటు పెట్టుకోవాలా? నేను ఈ విషయంలో చదువుకున్నదేమీ లేదు. సికింద్రాబాద్ జనరల్ బజార్‌లో మా నాన్నగారు పెట్టిన మ్యాచింగ్ సెంటర్ నడుపుతున్నాను. ఫాల్స్, లైనింగ్ గుడ్డ, జాకెట్టు ముక్కలు, చీర కింద కట్టే లంగాలు అమ్ముతాం. ఆన్‌లైన్‌లో రెండు దారుల్లోనూ నడిచాను, రెండింటిలోనూ డబ్బు పోగొట్టుకున్నాను. అదే నా అర్హత.

2007లో ఫ్లిప్‌కార్ట్ మొదటి పుస్తకం అమ్మినప్పుడు దాన్ని కొన్నది మన మహబూబ్‌నగర్ మనిషే. అమెజాన్ 2013లో మన దేశంలో అమ్మకాలు మొదలుపెట్టి, 2019 నాటికి నానక్‌రామ్‌గూడలో అంత పెద్ద భవనం కట్టింది. అంటే ఈ సముద్రం మన గుమ్మం ముందుకే వచ్చింది. దిగాలా వద్దా అన్నది పాత ప్రశ్న. ఎక్కడ దిగాలన్నదే ఇప్పుడు మిగిలింది.

నుమాయిష్ మీ అందరికీ తెలుసు. ఏటా జనవరి మొదట్లో మొదలై నెలన్నర పాటు నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానం జనంతో నిండిపోతుంది. అక్కడ స్టాల్ పెడితే మనం పిలవకుండానే జనం వస్తారు. కానీ వాళ్లు వచ్చింది నుమాయిష్‌కు, మన దగ్గరికి కాదు. ఎక్కడ కొన్నారని తర్వాత ఎవరైనా అడిగితే "నుమాయిష్‌లో కొన్నాం" అంటారు. మార్కెట్‌ప్లేస్ కూడా అంతే. ఒక తేడా మాత్రం ఉంది. నుమాయిష్‌లో కొన్నవారి చేతిలో మన కార్డు పెట్టవచ్చు. మార్కెట్‌ప్లేస్‌లో అది కుదరదు. ఆ సంగతి నాకు ఎలా తెలిసిందో తర్వాత చెబుతాను.

ముందు లెక్క చూద్దాం. 399 రూపాయల కాటన్ లంగా తీసుకోండి. ఇవి నా ఖాతాలోని అంకెలు. సరుకును బట్టి, బరువును బట్టి మీవి మారతాయి. కమీషన్ 12 శాతం చొప్పున 48 రూపాయలు. ఆర్డరుకు ఇంతని తీసుకునే రుసుము 20. రవాణా 65. ఈ 133 రూపాయల మీద 18 శాతం జీఎస్టీ, అంటే మరో 24. మొత్తం 157 పోయాయి. మిగిలిన 242లో మన సరుకు మీద కట్టవలసిన 5 శాతం జీఎస్టీ 19. గుడ్డ, కుట్టుకూలి, నాడా, కవరు కలిపి 160. చివరికి చేతిలో 63 రూపాయలు. రుసుముల మీద కట్టిన ఆ 24 ఇన్‌పుట్ క్రెడిట్‌గా మన పన్నులో సర్దుబాటవుతుంది, నిజమే. కానీ రేపు గుడ్డ కొనడానికి ఈ రోజు అది జేబులో ఉండదు.

63 బాగానే ఉంది కదా అంటారు మీరు. మేమూ అలాగే అనుకున్నాం. లెక్కలో రిటర్నులు వేసుకోలేదు.

మ్యాచింగ్ సెంటర్‌కు వచ్చే ఆవిడ చీర వెంట తెచ్చుకుంటుంది. గుడ్డను గుమ్మం దగ్గరికి తీసుకెళ్లి ఎండ వెలుగులో చీర పక్కన పెట్టి చూస్తేగానీ ఒప్పుకోదు. ట్యూబులైటు కింద చూసిన రంగును నమ్మవద్దని మా నాన్నగారు కూడా చెప్పేవారు. అలాంటి వ్యాపారాన్ని తీసుకెళ్లి ఫోను తెర మీద పెట్టాం. రాణీ రంగు ఒకరి ఫోనులో గులాబీగా, ఇంకొకరి ఫోనులో వంకాయగా కనబడింది. ఐదింటిలో ఒకటి తిరిగివచ్చేది. రానూపోనూ ఖర్చు, నలిగిన సరుకు కలిపి ఒక్కో రిటర్నుకు 130 రూపాయల దెబ్బ. నాలుగు అమ్మితే 252 వస్తాయి, అందులోంచి 130 తీసేయండి. అయిదు పార్సిళ్లు కట్టినందుకు 122. పార్సిలుకు 24 రూపాయలు. మా కుర్రాడు టేపు చుట్టే శ్రమకు కూడా అది చాలదు.

అందుకని షేడ్ కార్డు చేయించాను. 120 రంగుల గుడ్డ ముక్కలు, ఒక్కోదానికి ఒక నంబరు. ప్రతి పార్సిల్‌లో ఒక కార్డు, దాని మీద మా దుకాణం ఫోను నంబరు. ఇంత మంచి ఆలోచన నాకే వచ్చిందని మురిసిపోయాను. మూడు వారాలకు ఆ మార్కెట్‌ప్లేస్ నుంచి హెచ్చరిక వచ్చింది. కొనుగోలుదారును బయటికి మళ్లించడం నిబంధనలకు విరుద్ధమట. ఆ తర్వాత ఖాతా పదకొండు రోజులు ఆగిపోయింది. దసరా ముందు పదకొండు రోజులు! నాకు రావలసిన డబ్బు కూడా అంతకాలమూ వాళ్ల దగ్గరే ఆగింది. కోపం వచ్చింది. అయితే నిజం చెప్పాలి కాబట్టి చెబుతున్నాను, ఆ నిబంధన నేను సంతకం చేసిన ఒప్పందంలోనే ఉంది. చదవలేదు. మన నుమాయిష్ స్టాల్‌కు వచ్చినవారిని పక్కవాడు చేయి పట్టుకుని తీసుకుపోతే మనం ఊరుకుంటామా? వాళ్ల దృష్టిలో ఆ కొనుగోలుదారు వాళ్ల మనిషి. కమీషన్ ఎంత అన్నదానికంటే ఇది పెద్ద సంగతి. అక్కడ మూడేళ్లలో వేలమందికి అమ్మాను. వాళ్లలో ఒక్కరి ఫోను నంబరూ నా దగ్గర లేదు.

కానీ అప్పటికే వెళ్లిపోయిన కార్డులు పని చేశాయి. ఒకరోజు నిజామాబాద్ నుంచి ఒకావిడ ఫోను చేసి, "47 నంబరు రెండు పంపుతారా?" అన్నారు. 47 అంటే నెమలికంఠం రంగు. తర్వాత ఖమ్మం నుంచి, గుంటూరు నుంచి. ఎవరూ రంగు పేరు చెప్పలేదు, నంబరే చెప్పారు. సొంత వెబ్‌సైటు పెట్టాలని నాకు అనిపించింది అప్పుడు. తమ్ముడు అంతకు ఏడాది ముందే పెడదామన్నాడు. పెట్టి ఉంటే నష్టపోయేవాళ్లం.

ఎందుకో చూడండి. అదే 399 లంగా, మా సొంత సైటులో. జీఎస్టీ 19, సరుకు ఖర్చు 160 తీస్తే 220. ఆన్‌లైన్ చెల్లింపు మనకు చేర్చే పేమెంట్ గేట్‌వేకు సుమారు 2 శాతం, దాని మీద పన్ను, మొత్తం 10 అనుకుందాం. కొరియర్ 85. పెద్ద కంపెనీకి దొరికే ధర మనకు దొరకదు. మిగిలింది 125. ఇంతవరకు చూసి అందరూ ఎగిరి గంతేస్తారు. అసలు ఖర్చు ఇంకా రాలేదు. ఆ సైటు ఒకటి ఉందని ఆవిడకు ఎవరు చెబుతారు? ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ ప్రకటనలకు పెట్టిన డబ్బును వచ్చిన కొత్త ఆర్డర్లతో భాగిస్తే నాకు ఆర్డరుకు 120 రూపాయలు పడింది. మిగిలింది అయిదు రూపాయలు.

మార్కెట్‌ప్లేస్ అమ్మిన తర్వాత తన వాటా తీసుకుంటుంది. సొంత సైటులో అమ్మకముందే మనం పెట్టాలి, అమ్ముడుపోకపోయినా పెట్టాలి. చేతిలో డబ్బు తక్కువ ఉన్నవారికి ఈ తేడా ప్రాణం మీదికి వస్తుంది. కానీ అదే ఆవిడ రెండోసారి "47 నంబరు" అంటూ తనంతట తాను వస్తే ప్రకటన ఖర్చు లేదు, 125 పూర్తిగా మనదే. సొంత సైటులో లాభమంటే రెండో ఆర్డరే. రెండోసారి కొనే అవసరం లేని సరుకైతే, ఒక ఇంటికి జీవితంలో ఒక్కటి చాలే వస్తువైతే, దయచేసి సొంత సైటు జోలికి పోకండి. మార్కెట్‌ప్లేస్‌లోనే ఉండండి.

ఇంకో చిక్కు క్యాష్ ఆన్ డెలివరీ. పార్సిల్ గుమ్మం దాకా వెళుతుంది, ఇంట్లో ఎవరూ లేరంటారు, తిరిగివస్తుంది. కొరియర్ వాళ్లు దీన్ని ఆర్‌టీఓ అంటారు, రిటర్న్ టు ఆరిజిన్, అంటే పంపినచోటికే వాపసు. ఖైరతాబాద్ ఆర్‌టీఓ కాదు, కానీ రెండింటికీ మళ్లీ మళ్లీ తిరగడం తప్పదు. కొత్తవారికి ముందుగా యూపీఐలో చెల్లిస్తే 30 రూపాయలు తగ్గిస్తామని పెట్టాను. ఆ తిరుగుడు సగానికి సగం తగ్గింది.

చట్టం సంగతి త్వరగా చెప్పేస్తాను, మీ ఆడిటర్‌ను అడగండి. తెలంగాణలో సరుకుల వ్యాపారానికి జీఎస్టీ పరిమితి 20 లక్షలు, అంటే ఏడాది అమ్మకాలు అది దాటేదాకా రిజిస్ట్రేషన్ అక్కరలేదు. మార్కెట్‌ప్లేస్ ద్వారా అమ్మేవారికి ఒకప్పుడు ఈ వెసులుబాటు లేదు. 2023 అక్టోబరు నుంచి రాష్ట్రం లోపలే అమ్ముకుంటే ఆ పరిమితి దాకా ఉంది. రాష్ట్రం దాటితే మాత్రం ఎక్కడ అమ్మినా మామూలుగా రిజిస్ట్రేషన్ కావాలి, కొన్ని చేతివృత్తుల సరుకులకు సడలింపు ఉంది. సొంత సైటు పెట్టగానే 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనలు మనకూ వర్తిస్తాయి. ఫిర్యాదుల అధికారి పేరు సైటులో ఉండాలి, ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. మా అధికారి మా తమ్ముడే. ఆ హోదా వచ్చాక ఇంట్లో కాస్త నెమ్మదిగా మాట్లాడుతున్నాడు.

ఇప్పుడు నేను చేస్తున్నది ఇది. నలుపు, తెలుపు, గోధుమ లంగాలు మార్కెట్‌ప్లేస్‌లో ఉన్నాయి. "బ్లాక్ పెట్టీకోట్" అని వెతికేవారికి నా పేరుతో పని లేదు, ఆ మూడు రంగులకు రిటర్నులూ తక్కువే. నెమలికంఠం, చిలకపచ్చ, మిగిలిన షేడ్లన్నీ నా సైటులోనే. షేడ్ కార్డు 50 రూపాయలకు అమ్ముతాను, మొదటి ఆర్డరులో ఆ 50 తగ్గిస్తాను. ఉచితంగా ఇచ్చిన రోజుల్లో దాన్ని దాచుకున్నవాళ్లు తక్కువే.

ఇందాక మెట్ల దగ్గర ఒక అమ్మాయి నన్ను ఆపింది. వాళ్లది లాడ్ బజార్ వెనక లక్క గాజులు చేసే కుటుంబం. మన లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) కూడా వచ్చింది కాబట్టి వెంటనే వెబ్‌సైటు పెట్టమని ఎవరో సలహా ఇచ్చారట, లక్షన్నర అడిగారట. మార్కెట్‌ప్లేస్‌లో చూస్తే పక్కనే అచ్చులో పోసిన గాజులు సగం ధరకు ఉన్నాయట. పైగా గాజుల పెట్టె ఎంత తేలికగా ఉన్నా కొరియర్ వాళ్లు కొలత చూస్తారు. ముప్ఫై సెంటీమీటర్ల పొడవు, ఇరవై వెడల్పు, పదిహేను ఎత్తు గుణించి 5000తో భాగిస్తే 1.8 కిలోలు. అరకిలో సరుకుకు దాదాపు రెండు కిలోల రుసుము. ముందు పెట్టె చిన్నది చేయించు తల్లీ.

సైటు పెట్టాలా వద్దా అని నువ్వు అడిగిన అసలు ప్రశ్నకు నేనక్కడ జవాబు చెప్పలేదు. పెళ్లిచీర ఫోటో పంపి, 2-4, 2-6 సైజు చెప్పి నీ దగ్గర వాట్సాప్‌లో గాజులు చేయించుకున్నవాళ్లలో రెండోసారి అడిగినవాళ్లు, లేదా చెల్లెలినో తోడికోడలినో పంపినవాళ్లు ఎంతమంది ఉన్నారో చూడమన్నాను. ఫోను తీసి అప్పటినుంచీ లెక్కపెడుతూనే ఉన్నావు, ఇక్కడినుంచి నాకు కనబడుతోంది. మైకు ఆ అమ్మాయికి ఇవ్వండి. ఎంతమంది తేలారమ్మా?