పిన్ని వణుకు ఏసీ వల్ల కాదట

నేను: నమస్కారం, బరంపురం నుంచి మాట్లాడుతున్నాను. ఈవేళ మా అక్క వచ్చింది. పర్లాకిమిడి కోడలు, విశాఖలో మత్తు డాక్టరు. అక్కా, ముందు పిన్ని సంగతి. కటక్‌లో పేగు క్యాన్సర్ ఆపరేషనై బయటికి రాగానే పళ్లు టకటకలాడాయి, మంచం ఊగింది. రెండు దుప్పట్లు కప్పినా ఆగలేదు. ఏసీ ఎక్కువ పెట్టారని బాబాయ్ గొడవ.

అక్క: ఏసీ పాపం కొంతేరా. అసలు పని మత్తుది. మామూలుగా చలేస్తే చర్మం దగ్గర రక్తనాళాలు ముడుచుకుని వేడిని లోపలే దాచుకుంటాయి. మత్తివ్వగానే అవి వదులైపోతాయి, లోపలి వేడి కాళ్లకీ చేతులకీ పారిపోతుంది. మొదటి గంటలోనే ఒకటి, ఒకటిన్నర డిగ్రీ పడిపోవచ్చు. పైగా పొట్ట తెరిచి గంటల తరబడి పని.

నేను: అంటే చెయ్యి వెచ్చగా ఉన్నా లోపల చల్లబడుతూ ఉండొచ్చన్నమాట!

అక్క: అదే తమాషా. అందుకే ముక్కులోంచి సన్నటి తీగ వేసి లోపలి వేడి చూస్తాం. 36 డిగ్రీల సెల్సియస్ కంటే దిగకూడదంటాం.

నేను: దిగితే వణుకే కదా?

అక్క: వణుకొక్కటే అయితే నయం. రక్తం సరిగా గడ్డకట్టదు, మత్తు త్వరగా వదలదు. 1996లో పేగు ఆపరేషన్ల మీద ఒక పరిశోధన వచ్చింది, 200 మంది మీద. చల్లబడ్డవాళ్లలో 19 శాతం మందికి కోత దగ్గర ఇన్ఫెక్షన్, వెచ్చగా ఉంచినవాళ్లలో 6 శాతం. 2022లో 5 వేల మందికి పైగా చూస్తే మాత్రం 35.5 దగ్గర ఉంచినా, 37 దగ్గర ఉంచినా పెద్ద తేడా రాలేదు. నన్నడిగితే 37 కోసం తాపత్రయం అక్కర్లేదు, 34కి వదిలేయకూడదు.

నేను: మరి వెచ్చబెట్టేదెలా?

అక్క: కాగితంలాంటి దుప్పటి, దానికో లావుపాటి గొట్టం, అందులోంచి వెచ్చటి గాలి. మత్తుకి ముందే ఓ అరగంట పెడితే మరీ మంచిది. కాళ్లూ చేతులూ అప్పటికే వెచ్చగా ఉంటే లోపలి వేడి అటు పెద్దగా పోదు. సెలైన్ కూడా వెచ్చబెట్టే ఎక్కిస్తాం. ఒక్క ఆపరేషన్‌లో మాత్రం అంతా తలకిందులు. పొట్టంతా పాకిన క్యాన్సర్‌కి గడ్డలు తీసేశాక 41-43 డిగ్రీల కీమో మందు పొట్టలో తిప్పుతారు. అప్పుడు గొట్టం ఆపేసి చల్లబరచడానికి పరుగులు! పొద్దున చలి, మధ్యాహ్నం జ్వరం, ఒకే టేబుల్ మీద.

నేను: మనవాళ్లు ఏం చెయ్యాలి?

అక్క: చలేస్తే ముందే చెప్పాలి. పిన్నిని పల్చటి గౌనులో వరండాలో గంట కూర్చోబెట్టారట. ‘శీత లాగుచి’ అని రెండు ముక్కలు అనొచ్చుగా!

నేను: ఒడియా రాక కాదక్కా, మొహమాటం. పక్క మంచం ఆవిడ తువ్వాలు కాళ్లకి చుట్టుకుని కూర్చుందట.