మిల్లు ఖాళీగా తిరిగిన రోజు కొలిచిన కంపనం

వేదికపై ఉన్న పెద్దలకు, అధ్యాపక మిత్రులకు, విద్యార్థినీ విద్యార్థులకు నమస్కారం. జాతీయ విజ్ఞాన దినోత్సవాన కంపనం నుంచి విద్యుత్తును రాబట్టే పరికరాల రూపకల్పన గురించి మాట్లాడమన్నారు. స్ప్రింగుపై ఊగే అయస్కాంతం, దాని పక్కన కదలకుండా నిలిచిన తీగచుట్ట, 1831లో ఫారడే కనుగొన్న ప్రేరణ, అంటే అయస్కాంతం కదిలితే తీగచుట్టలో విద్యుత్తు పుట్టడం: సూత్రం ఇంతే, ఇది మీకు తెలిసినదే.

ఎంత శక్తి వస్తుందన్నది ముందుగా నిజాయితీగా చెప్పుకోవాలి. సౌతాంప్టన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2007లో ప్రచురించిన చిన్న జనరేటరు, గురుత్వ త్వరణంలో ఆరు శాతం మాత్రమే ఉన్న కంపనం నుంచి, 52 హెర్ట్జ్ దగ్గర 46 మైక్రోవాట్లు ఇచ్చింది. దానితో దీపం వెలగదు. అయితే నిమిషం పాటు కెపాసిటరులో పోగుచేస్తే సుమారు 2.8 మిల్లీజౌళ్లు అవుతాయి. బేరింగు వేడిని కొలిచి ఒక చిన్న రేడియో సందేశం పంపడానికి అది చాలు. బ్యాటరీ మార్చడానికి మనిషి చేయి చేరని చోట ఈ పరికరానికి విలువ ఉంది.

తీగచుట్టల లెక్కలు కూడా వివరంగా చెప్పాలనుకున్నాను కానీ, ఈ ప్రాంగణంలో ప్రాజెక్టు నమూనాలను చూశాక ఒక పాత సంగతి చెప్పకుండా ఉండలేకపోతున్నాను. కొన్నేళ్ల క్రితం నా విద్యార్థులు ఇద్దరు ఒక రైస్ మిల్లు మోటారు కోసం ఇలాంటి పరికరం చేశారు. ధాన్యం లేని రోజు వెళ్లి కొలిస్తే నిమిషానికి 1490 చుట్లు, అంటే సెకనుకు 24.8 కంపనాలు. సరిగ్గా ఆ పౌనఃపున్యం దగ్గరే అయస్కాంతం అన్నిటికన్నా బలంగా ఊగేలా స్ప్రింగును సరిచేశారు. ప్రయోగశాలలో షేకరు మీద, అంటే కోరిన వేగంతో ఊపే యంత్రం మీద పెడితే గ్రాఫు శిఖరంలా లేచింది. మిల్లులో ధాన్యం పోసి ఆడించిన రోజున మాత్రం పరికరం నుంచి దాదాపు ఏమీ రాలేదు.

కారణం రెండు వారాలకు గాని తెలియలేదు. బరువు పడగానే మోటారు 1440 చుట్లకు, అంటే 24 హెర్ట్జ్‌కు తగ్గింది. మా పరికరం నాణ్యతా గుణకం, అంటే శిఖరం ఎంత సన్నగా ఉందో చెప్పే సంఖ్య, 100 కాబట్టి, అది మెలకువగా ఉండే పౌనఃపున్యాల పట్టీ వెడల్పు పావు హెర్ట్జే. దాని మధ్య నుంచి ముప్పాతిక హెర్ట్జ్‌కు పైగా జరిగితే, త్వరణం మారకపోయినా, శక్తి రెండు శాతానికి పడిపోతుంది. శిఖరం ఎంత సన్నగా, ఎంత ఎత్తుగా ఉంటే అంత గొప్ప అని నేనే వాళ్లకు నేర్పాను.

నన్ను ఇప్పటికీ బాధించేది ఆ తరువాత జరిగినది. మూల్యాంకనానికి వచ్చినవారు షేకరు గ్రాఫును మెచ్చుకుని, మిల్లు ఫలితం నివేదికలో అనవసరమని తీసివేయమన్నారు. ఆ పిల్లలు నా వైపు చూశారు. నేను మాట్లాడలేదు. ఆ ప్రాజెక్టులో నిజంగా నేర్చుకున్న విషయం ఆ పేజీలోనే ఉంది. ఆ పేజీనే చింపేశాం.

అందుకే అడుగుతున్నాను: బయట నమూనాలు పెట్టిన మిత్రులారా, మీరు ఎక్కడ కొలిచారు? యంత్రం ఖాళీగా ఉన్నప్పుడా, పనిలో ఉన్నప్పుడా? ఉదయమా, వేడెక్కాకా? దానిని బట్టి ఊపును అణచే అవరోధాన్ని (డ్యాంపింగ్) కొంత పెంచి, శిఖరాన్ని తగ్గించుకునైనా పట్టీని వెడల్పు చేయాలి. కొందరు తీగచుట్టలో చుట్లు పెంచితే సరిపోతుందని అంటున్నారు. అదే ఘనపరిమాణంలో సన్న తీగతో చుట్లు రెట్టింపు చేస్తే వోల్టేజి రెట్టింపవుతుంది, నిరోధం నాలుగు రెట్లవుతుంది. రాగల శక్తి మారదు. విద్యుత్తును ఒకే దిశలో పోనిచ్చే డయోడ్లను దాటడానికి వోల్టేజి కావాలి నిజమే, కానీ తప్పిపోయిన పౌనఃపున్యాన్ని చుట్లు తిరిగి తెచ్చిపెట్టవు.

కంపనాన్ని కొలిచే త్వరణమాపకం నా దగ్గర ఉంది. పనివేళల్లో వచ్చి కొలుచుకోవడానికి ఆ మిల్లు యజమాని ఒప్పుకున్నారు. వచ్చే శనివారం ధాన్యం ఆడిస్తారు. రాదలచినవారు సభ ముగిశాక నాకు పేరివ్వండి.