ఆవల, ఆ వల: క్వెరీలో ఒక స్పేస్ కథ

అందరికీ నమస్కారం.

"ఆవల ఉంది" అంటే అవతల ఉందని. "ఆ వల ఉంది" అంటే చేపలు పట్టే వల. తేడా ఒక్క స్పేస్. కలిపి రాసినా మనం సందర్భాన్ని బట్టి పోల్చుకుంటాం. డేటాబేస్‌లో క్వెరీని, అంటే మనం రాసి పంపే ఆదేశాన్ని, మొదట చదివే లెక్సర్ అనే భాగానికి ఆ వెసులుబాటు లేదు. ఎడమ నుంచి చదువుతూ, ఎంత పొడుగు ముక్క దొరికితే అంతా ఒకే టోకెన్‌గా కోసేస్తుంది. తర్వాత వాక్యనిర్మాణం చూసే పార్సర్ చేతికి అందేవి ఆ ముక్కలే, స్పేస్‌లు కావు.

పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్‌లో "సెలెక్ట్ 10*-3" కొట్టండి, -30 వస్తుంది. అదే ధైర్యంతో 10%-3 కొట్టండి (% అంటే భాగించగా మిగిలే శేషం). అలాంటి ఆపరేటర్ (లెక్క చేసే గుర్తు) లేదు పొమ్మంటుంది! ఇది మొదటిసారి చూసినప్పుడు నేను ముందు నా లెక్కనే అనుమానించాను. % తర్వాత ఒక స్పేస్ పెడితే బుద్ధిగా 1 ఇచ్చింది.

ఎందుకిలా? పోస్ట్‌గ్రెస్‌లో ఎవరైనా సొంత ఆపరేటర్ తయారు చేసుకోవచ్చు. మామూలుగా పేరు 63 అక్షరాల దాకా ఉండొచ్చు. అంటే "%-" కూడా ఎవరో పుట్టించుకున్నదే కావచ్చు. కానీ "*-", "=-" అని స్పేస్ లేకుండా రాసే ప్రామాణిక ఎస్‌క్యూఎల్ (క్వెరీలు రాసే భాష) కూడా నడవాలి కదా. అందుకని ఒక రాజీ సూత్రం పెట్టారు: ఒకటికి మించి గుర్తులున్న ఆపరేటర్ + తో గానీ - తో గానీ ముగియకూడదు, లోపల ~ ! @ # % ^ & | ? లాంటిది ఒక్కటైనా ఉంటే తప్ప. కాబట్టి "*-" విడిపోతుంది, "%-" అతుక్కునే ఉంటుంది. మాటలు కలిపే "||" పక్కన -1 రాసినా ఇదే గొడవ. జేసన్ (డేటా రాసే ఒక పద్ధతి) జాబితాలో చివరిదాన్ని తీసే "->-1" మాత్రం హాయిగా నడుస్తుంది, అందులో ఆ గుర్తులేవీ లేవు. సూత్రం తెలివైనదే. గుర్తుంచుకోవడమే కష్టం, నేనైతే స్పేస్ పెట్టేసి ఊరుకుంటాను.

రెండు మైనస్‌ల సంగతి ఇంకా ప్రమాదం. ప్రోగ్రామ్ "నిల్వ=నిల్వ-" అని రాసి, పక్కన -1 అతికించిందనుకోండి. "నిల్వ--1" అవుతుంది. ప్రమాణం ప్రకారం "--" నుంచి లైన్ చివరిదాకా కామెంట్, అంటే డేటాబేస్ పట్టించుకోని రాత. ఎర్రర్ రాదు, నిల్వ మారదు. అదే లైన్‌లో ఏ వరసలు మార్చాలో చెప్పే వేర్ షరతు ఉంటే అదీ గల్లంతు. అందుకే మైఎస్‌క్యూఎల్ అనే ఇంకో డేటాబేస్ వాళ్లు "--" తర్వాత స్పేస్ లాంటిది ఉంటేనే కామెంట్ అన్నారు. అక్కడ "సెలెక్ట్ 5--1;" కొడితే 6. పోస్ట్‌గ్రెస్‌లో కొడితే ఏమీ రాదు. క్వెరీ ముగిసిందని చెప్పే సెమికోలన్ కూడా కామెంట్‌లోకి పోయింది మరి, మనం కొట్టింది పోస్ట్‌గ్రెస్‌కి పంపే పీఎస్‌క్యూఎల్ ఇంకా దానికోసమే ఎదురుచూస్తూ కూర్చుంటుంది.